వేలు లేని కేలు

చెంచురామయ్య పెద్దమడిలో నాట్లు మొదలైన రోజు పొద్దున, శేషమ్మ చీర ఎగదోపుకుని బురదలోకి దిగేసరికి ఆమె నిలబడాల్సిన చోట రాఘవమ్మ నిలబడి ఉంది.

వరసలో కుడి కొస పాట ఎత్తే మనిషిది. ఆ మనిషి ఒక మాట అంటే వంగిన నడుములన్నీ వంత పలుకుతాయి. వంత పలికేలోపల ఒక్కో చెయ్యి మూడు కుదుళ్ళు గుచ్చుతుంది, కాలు ఒక అడుగు వెనక్కి పడుతుంది. పాట సరిగ్గా నడిస్తే వరస దువ్వెనతో దువ్వినట్టు వస్తుంది. పాట తప్పితే మడి దిష్టిబొమ్మ జుట్టులా తయారవుతుంది. శేషమ్మ కాపరానికి వచ్చిన రెండో ఏటి నుంచీ ఆ కొస ఆమెదే. ఎవరూ ఇచ్చింది కాదు, ఆమె అడిగింది కాదు. గొంతు విని పక్కకు జరిగారు, అంతే.

ఇవాళ ఎవరూ జరగలేదు.

"అక్కా, జరుగు," అంది శేషమ్మ.

రాఘవమ్మ ఆమెకు తోటికోడలు, మొగుడు మస్తానయ్యకు అన్న పెళ్ళాం. మనిషి పొడుగు, మాట ఇంకా పొడుగు. నడుం మీద చెయ్యి వేసుకుని, శేషమ్మ మొహం వైపు కాకుండా కాళ్ళ వైపు చూసింది.

"ఈ ఏడు పాట నేనెత్తుతాలే. నువ్వింటికి పో."

"ఎందుకు పోవాలా?"

"నన్నడుగుతుండావా? నీ మొగుడి కాళ్ళు చూసుకో, తెలస్తాది."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వి గమ్మునయ్యారు. శేషమ్మ రెండో మనిషి పక్కకు వెళ్ళి వంగబోయింది. ఆ మనిషి అవతలికి జరిగింది. ఆమె అవతల మనిషి ఇంకా అవతలికి జరిగింది. బురదలో అంతమంది ఆడవాళ్ళు, ఒక్కరూ మాట అనకుండా, శేషమ్మ చుట్టూ ఇంత ఖాళీ చేసి నిలబడ్డారు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. తిట్టడంలో శేషమ్మ ఎవరికీ తీసిపోదు. కానీ ఖాళీని ఏమని తిడుతుంది?

గట్టు మీద గొడుగేసుకుని చెంచురామయ్య నిలబడి ఉన్నాడు.

"నేనేం అనడంలా శేషమ్మా," అన్నాడు, ఆమె ఏమీ అడక్కముందే. "నువ్వు దిగితే వాళ్ళు గట్టెక్కుతామంటుండారు. నా మడి నాటాల గదా."

"మరి మా అరెకరం, మామా? నారు ముదరతా ఉండాది. ఇన్నేళ్ళూ నేను అందరి మళ్ళూ నాటినాను. మా మడికి అందరూ రావాల గదా."

చిన్న రైతుల మళ్ళు ఆ ఊళ్ళో కూలికి నాటరు. నీ మడికి నేను, నా మడికి నువ్వు, అట్లా బదులు నాటుకుంటారు. బదులు పొందనివాడి మడి బీడే. ఒక్క ఆడది అరెకరం నాటేసరికి మొదట నాటింది పాలు పోసుకుంటుంది, చివర నాటాల్సిన నారు గడ్డయిపోతుంది. ముదిరిన నారు పిలకలెయ్యదు. ఆ ఇంట్లో ఏడాది తిండి ఆ అరెకరమే.

"వాళ్ళనడుగు," అని చెంచురామయ్య గొడుగు ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

శేషమ్మ గట్టెక్కింది. నోరు ఎండిపోయి ఉంది. కడవలో నీళ్ళు ముంతతో ముంచి, దోసిట్లో పోసుకుని తాగింది. ముంత కింద పెట్టి పది అడుగులు వేసిందో లేదో, వెనక నీళ్ళు పారబోసిన చప్పుడు వినబడింది. కడవ కడవంతా బోర్లించారు. రాఘవమ్మ గొంతు ఖణీమంది: "మట్టి పెట్టి తోమి తీసుకురా పెంచలా. బావి కాడ వద్దు, కాలవ కాడ తోము."

ఇంటి ముందు వాకిలి మొన్నటిదాకా రెండిళ్ళకూ ఒకటే. వేసవి చివర్లో రాఘవమ్మ దాని మధ్య తుమ్మకంప వేయించింది. తన కూతురు పెంచలమ్మకు మనుబోలు నుంచి చూడవచ్చిన సంబంధంవాళ్ళు మస్తానయ్య చేతులు చూసి, పెట్టిన ఫలహారం ముట్టకుండా బస్సెక్కిన రోజున వేయించింది. పెద్దరోగం, అదే కుష్ఠు, ఉన్న ఇల్లని వాళ్ళు అన్నారో లేదో తెలియదు. ఊరంతా అంది.

వసారాలో నులక మంచం మీద మస్తానయ్య పడుకుని ఉన్నాడు. మధ్యాహ్నపు ఎండ కాళ్ళ మీదికి వచ్చింది. ఆ పాదాలు వేళ్ళ దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. మూతి కుట్టిన గోనెసంచిలా మొద్దుగా ముడుచుకుని, నల్లగా ఉంటాయి. కుడిచేతికి బొటనవేలూ, సగం చూపుడువేలూ మిగిలాయి. ఎడమచేతికి బొటనవేలు ఒక్కటే. అతను పట్టాళం నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ శేషమ్మ ఆ కాళ్ళకు రోజూ కొబ్బరినూనె రాస్తోంది. రాస్తూ వీధి వైపు చూస్తుంది. ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తున్నట్టు చూస్తుంది. ఎవరూ రారని ఆమెకు తెలుసు.

పొద్దుటి మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. నీ మొగుడి కాళ్ళు చూసుకో. ఆ రోగం వచ్చినచోట ఏం గుచ్చినా తెలియదని చిన్నప్పుడు విన్నది. వినకుండా ఉంటే బాగుండేది. శేషమ్మ లేచి దడి దగ్గరికి వెళ్ళింది. ఒక తుమ్మముల్లు విరిచి తెచ్చి మంచం కాళ్ళ వైపు కూర్చుంది. పాదం కొసన, కుట్ల కింద, ముల్లు ఆనించి నొక్కింది.

పాదం కదల్లేదు.

ఇంకా నొక్కింది. నెత్తురు బొట్టు ఆవగింజంత లేచింది. అయినా కదల్లేదు. ఊరన్నదే నిజమేమో అనుకుంది. తల ఎత్తి చూసింది.

మస్తానయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఎప్పుడు మేలుకున్నావు?"

"నువ్వు ముల్లు విరిచేటప్పుడు."

అతను లేచి కూర్చున్నాడు. కోపం లేదు గొంతులో. ఉంటే శేషమ్మకు బతుకు తేలికయ్యేది.

"ఆడ తెలీదు మే. ఆస్పత్రిలో డాక్టరూ ఇట్టనే గుచ్చి చూసినాడు. కోసిన చోట ఏమీ తెలీదు. ఈడ గుచ్చు, మడమ మీద. తెలస్తాది."

శేషమ్మ ముల్లు కింద పడేసింది. అతను వంగి దాన్ని బొటనవేలికీ సగం వేలికీ మధ్య ఇరికించుకున్నాడు. జారిపోయింది. మళ్ళీ తీసుకున్నాడు. మడమ మీద తానే గుచ్చుకున్నాడు. కాలు చివుక్కున వెనక్కి పోయింది.

"చూసినావా?" అన్నాడు, పరీక్ష నెగ్గిన పిల్లవాడిలా.

ఆ అడగడం శేషమ్మ భరించలేకపోయింది. "ఈ మాట ఊళ్ళో చెప్పవేం? నోరు కూడా ఆడే కోసి పంపినారా?" అని అరిచింది.

"చెప్పినా గదా. మంచు అంటే నవ్వినారు. మా అన్నయితే, మంచు మనకూ పడతాది గదరా, పొద్దెక్కితే పోతాది, దానికి వేళ్ళు తినే నోరెక్కడిదీ అన్నాడు. ఏం చెప్పేది? నేనూ పోకముందు అట్టనే అనుకున్నా."

స్వర్ణముఖి ఒడ్డున మంచంటే గడ్డికొసన నిలబడే నీటిబొట్టు. చిక్కుడు పువ్వు రాలుతుందని తిట్టుకుంటారు, జలుబు చేస్తుందని చెవులకు గుడ్డ కట్టుకుంటారు. అంతకు మించి దానికి ఎవరూ భయపడరు. ఆ మాటే చైనా సరిహద్దున నేఫా కొండల్లో ఇంకొకటని చెప్పడానికి మస్తానయ్యకు వేరే మాట లేదు.

మర్నాడు నాయుడుపేట నుంచి కామాక్షయ్య పంతులు సైకిలు మీద వచ్చాడు. హైస్కూల్లో తెలుగు చెబుతాడు. పద్యాలు రాస్తాడు. ఆదివారం సంత మైదానంలో సభ పెడుతున్నారట. పోయిన ఏడు చైనా యుద్ధంలో గాయపడిన జవానులకు శాలువాలు కప్పుతారట. ఈ ప్రాంతానికి మస్తానయ్య ఒక్కడే దొరికాడట. పంతులు ఆ మాట దొరికిన వస్తువును గురించి చెప్పినట్టు సంబరంగా చెప్పాడు.

శేషమ్మ మజ్జిగ తెచ్చింది. "ఇప్పుడే తాగి వచ్చానమ్మా," అంటూ ఆయన గ్లాసు వైపు కాక, గ్లాసు పట్టుకున్న వేళ్ళ వైపు చూశాడు. శేషమ్మ ఆ చూపు చూసింది. గ్లాసు వెనక్కి తీసుకుంది. ఓర్చుకుంది, అవసరం తనది.

"చెప్పు నాయనా, తూటా ఏ చేతికి తగిలింది?"

"తూటా గాదు అయ్యవారూ. మంచు. గుడ్డ బూట్లు ఇచ్చినారు, అవి తడిసినాయి. కొండ దిగి నడిచినాము. నొప్పి లేదు. నొప్పి లేదు గదాని నడిచినాను. అదే మోసం."

పంతులు పెన్సిలు ఆగిపోయింది. "శత్రువు?" అన్నాడు ఆశగా.

"దూరంగా తుపాకులు కాలస్తా ఉండినారు. నేను చూళ్ళా."

పంతులు నిట్టూర్చి శేషమ్మ వైపు తిరిగాడు. "తల్లీ, భర్త చేతులు తొలిసారి చూసినప్పుడు నీ మనసులో ఏ భావం కలిగింది?"

శేషమ్మకు రైలు స్టేషను గుర్తొచ్చింది. అతను చేతులు చాపాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, ట్రంకుపెట్టె తీసుకునే నెపంతో వంగింది. ఇంటికొచ్చిందాకా ఆ పెట్టెనే చూసుకుంటూ వచ్చింది. ఇది ఎవరికి చెప్పుకుంటుంది? తల వంచుకుంది.

"ఆ మౌనం చాలు," అన్నాడు పంతులు తృప్తిగా, రాసుకుంటూ.

ఆయన సైకిలు స్టాండు తీస్తుంటే శేషమ్మ ఎదురెళ్ళింది. "అయ్యవారూ, పద్యంలో ఆ మంచు సంగతి చెప్పండి. అది మన మంచు గాదని చెప్పండి. సంత రోజు మా ఊరోళ్ళంతా వస్తారు. మా మాట నమ్మరు, మీరు మైకులో చెబితే నమ్ముతారు. మా మడి నాటాలయ్యా."

"తప్పకుండా తల్లీ, తప్పకుండా," అని పంతులు సైకిలెక్కాడు. మడికీ పద్యానికీ ఏమిటి సంబంధమో ఆయనకు తోచలేదు.

మస్తానయ్య సభకు రానన్నాడు. శేషమ్మ బతిమాలింది, కసిరింది, చివరికి పట్టాళం చొక్కా ఉతికి గంజి పెట్టి గుండీలు తానే పెట్టింది.

సంత మైదానంలో ఊరి జనం ఉన్నారు. బండి కట్టించుకుని వచ్చిన చెంచురామయ్య ఉన్నాడు, కూతురికి గాజులు కొనడానికొచ్చిన రాఘవమ్మ ఉంది. వేదిక మీద పెద్దమనిషి ఒకాయన మస్తానయ్యకు శాలువా కప్పాడు. కప్పడమంటే, రెండు కొసలూ చివర్లు పట్టుకుని భుజాల మీదికి జారవిడిచాడు. ఇంకొకాయన దండ మెడలో వేయబోయి, మస్తానయ్య అందుకోవడానికి చేతులు ఎత్తేసరికి, బల్ల మీద పెట్టి చప్పట్లు కొట్టాడు. మస్తానయ్య ఎత్తిన చేతుల్ని ఏం చేయాలో తెలియక వాటితోనే అందరికీ దణ్ణం పెట్టాడు.

అప్పుడు కామాక్షయ్య పంతులు మైకు ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని, రాగం తీశాడు.

శత్రు ఖడ్గధార చయ్యన వ్రేళ్ళెల్ల
తెంపివేయ నవ్వె తెగువతోడ;
వీరపత్ని వాని వెతలేక ముద్దాడె
వేలు లేని కేలు వేడ్క మీఱ.

చప్పట్లు మోగాయి. పంతులు కళ్ళు తుడుచుకుని రెండోసారి చదివాడు. శేషమ్మకు అన్ని మాటలూ తెలియలేదు గానీ, ఖడ్గమంటే తెలుసు, ముద్దాడడమంటే తెలుసు. మంచు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. ఒక్కచోటా రాలేదు. వెనక నుంచి రాఘవమ్మ గొంతు, మెల్లగా అంటున్నట్టు నటిస్తూ పది మందికి వినబడేట్టు: "ఓయమ్మా, కత్తంట! మొన్న మంచన్నారే. రోగానికి ఎన్ని పేర్లు పెడతార్రా నాయనా!"

సభ అయ్యాక శేషమ్మ పంతులును మెట్ల దగ్గర పట్టుకుంది.

"మంచని చెప్పమంటిని గదా అయ్యవారూ."

"అమ్మా, కవిత్వంలో మంచంటే వెన్నెల, ముత్యాలు, చల్లదనం. దాంతో వీరరసం పుట్టదు."

"కత్తి యాడిది?"

"అది భావన, తల్లీ."

"ఆ భావన వచ్చి మా మడి నాటతాదా?"

పంతులు చుట్టూ చూశాడు. "నీ భర్త గౌరవం కోసమే కదమ్మా రాసింది. నీ గౌరవం కోసం కూడా."

"నేను ముద్దు పెట్టుకోలా," అంది శేషమ్మ. అనేసి తనే ఉలిక్కిపడింది. పక్కన నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. పంతులు మొహం ఎర్రబడింది. "ఎవరైనా అడిగితే అట్లా చెప్పకు," అని గొంతు తగ్గించి, కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

చెంచురామయ్య బండిలో చోటుంది. ఎక్కమని ఎవరూ అనలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ నడిచారు. బూట్లలో గుడ్డలు కుక్కుకున్నా మస్తానయ్య ప్రతి ఫర్లాంగుకూ ఆగాల్సి వచ్చింది. శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"పద్యం బాగుండాది," అన్నాడు ఒకచోట ఆగి. "వినేదానికి ఇంపుగా ఉండాది. అందులో ఉండేవాడెవుడో నాకు తెలీదు."

"అందులో ఉండేదెవతో నాకు తెలుసు," అంది శేషమ్మ. "యాడన్నా కనబడితే చెంపలు వాయిస్తా."

అతను నవ్వాడు. తిరిగొచ్చాక నవ్వడం అదే మొదలు. శేషమ్మ నవ్వలేదు.

మంగళవారం పొద్దున శేషమ్మ తమ అరెకరంలోకి ఒక్కతే దిగింది. నారు అప్పటికే కణుపు కడుతోంది. పక్క గట్టుకు అవతలే చెంచురామయ్య పెద్దమడి, దాని నిండా ఆడవాళ్ళు. మస్తానయ్య గట్టు మీద కూర్చుని, ఆమె పీకిన నారును కట్టలు కట్టి మడిలోకి విసురుతున్నాడు. వేళ్ళతో ముడి పడదు గనుక, గడ్డిపోచ ఒక కొస బొటనవేలి కింద నొక్కి, రెండో కొస పళ్ళతో లాగి బిగిస్తాడు. బిగువెంతో చేతికి తెలియదు. ముడి రాయిలా పడుతుంది. బురద చేతులకు అది ఊడిరాదు. శేషమ్మ ప్రతి కట్టనూ నోటి దగ్గర పెట్టుకుని పళ్ళతో లాగి విప్పుకుంటోంది. ముడి మొండికేస్తే నాట్లలో ఎవరైనా చేసే పని అదే.

అవతల రాఘవమ్మ పాట ఎత్తుతోంది. గొంతు పెద్దదే, ఊపిరి చిన్నది. చరణం మధ్యలో ఆగుతుంది. ఆమె ఆగినచోట చేతులు ఆగుతాయి, కొందరు ముందుకు పోతారు, కొందరు వెనకబడతారు. చెంచురామయ్య గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ సణుగుతున్నాడు.

శేషమ్మ ఆ తప్పిన వరస చూసింది. నవ్వు రాలేదు, మంట పుట్టింది. ఆదివారం నుంచీ అణచుకున్నదంతా గొంతులోకి వచ్చింది. పాడాలని పాడలేదు. తిట్టబోయి నోరు తెరిస్తే, వంగిన నడుముకు అలవాటైన రాగంలోనే మాట బయటికి వచ్చింది. వంత పలికేవాళ్ళు లేరు గనుక వంత కూడా తనే పలుక్కుంది.

మంచు మంచంటారు, మన మంచు గాదే
నాటెయ్యి వదినా, వంగి నాటెయ్యి
గడ్డి కొస మీద బొట్టయితె గాదే
నాటెయ్యి వదినా, వంగి నాటెయ్యి
చల్లంగ పడతాది, కొరివల్లె కాలస్తాది
బూటు తడిసిన కాళ్ళ వేళ్ళు దింటాది

అవతల రాఘవమ్మ తన పాట పెంచింది. పెంచినకొద్దీ ఊపిరి చాలక మధ్యలో తెగిపోయింది. ఆ తెగినచోట శేషమ్మ గొంతు నిలకడగా వినబడింది. చేతులు ఎవరి మాటా వినవు. వరసలో సగం చేతులు శేషమ్మ పాటకు పడడం మొదలైంది. పెంచలమ్మ నోరు జారి వంత అందుకోబోయింది. "నోరు మూసుకోవే!" అని తల్లి కసిరింది.

కత్తి గాదమ్మా, తూటాలు గావే
పంతులు జెప్పింది పద్దెమే గానీ
ముద్దాడలేదే, మొగం దిప్పుకుంటి
రైలు దిగినోడి పెట్టె జూసుకుంటి

ఇప్పుడు రాఘవమ్మ పాట పూర్తిగా ఆగింది. గట్టు మీద మస్తానయ్య చేతిలోని కట్ట చేతిలోనే ఉంది. శేషమ్మ అతని వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు. బురదలో మొక్క గుచ్చి, అడుగు వెనక్కి వేసి, మిగిలింది కూడా అనేసింది.

మీరన్న మాటే మనసులో బెట్టి
తుమ్మముల్లు దెచ్చి కాల్లోన గుచ్చితి
నిద్దరనుకున్నా, చూస్తానె ఉండె
తిట్టలేదమ్మా, కొట్టలేదమ్మా
మడమ జూపించె, ఈడ గుచ్చమనె

అక్కడ వంత పలకలేక ఆగిపోయింది. సిగ్గుతో శేషమ్మ చెవులు కాలిపోయాయి. ఇంత మందిలో, మొగుడి ఎదుట, ఏమిటి తను అన్నది?

అప్పుడు గట్టు మీద నుంచి మగగొంతు, బొంగురుగా, రాగం తప్పి వినబడింది.

"నాటెయ్యి వదినా, వంగి నాటెయ్యి."

నాట్ల పాటకు మగవాడు వంత పలకడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. అందులోనూ సొంత పెళ్ళాన్ని పట్టుకుని వదినా అనడం! పెంచలమ్మ ఆపుకోలేక పకపకా నవ్వింది. ఇంకో ఇద్దరు నవ్వారు. ఆ మడిలో అతనికి నిజంగా వదినైన మనిషి మాత్రం నవ్వలేదు. నడుం ఎత్తి నిలబడి, గట్టు దాటి, బురద కాళ్ళతో శేషమ్మ ఎదురుగా వచ్చి ఆగింది.

"ముల్లు గుచ్చినావా నువ్వు?"

"గుచ్చినా."

"నిజంగా?"

"నీ దడి కంపలోదే. విరిచిన చోటు పోయి చూసుకో."

"మడమ మీద తెలిసిందా అబ్బయకు?"

"కాలు లాక్కున్నాడు."

రాఘవమ్మ చాలాసేపు శేషమ్మ మొహంలోకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, వరసను ఉద్దేశించి, ఎవరో తనతో వాదిస్తున్నట్టు గట్టిగా అంది: "కత్తంటే నమ్మలా నేను. ముద్దు పెట్టుకునిందంటే అసలే నమ్మలా. మొగుడి కాల్లో ముల్లు గుచ్చినానని ఏ ఆడదన్నా లేంది కల్పించి చెప్పుకుంటాదా?"

"దడి తీస్తాననుకోబాక," అంది శేషమ్మతో. "దడి దడే. నా బిడ్డ పెళ్ళయ్యేదాకా అది ఆడనే ఉంటాది. నారు ఏం పాపం జేసింది, ముదరబెట్టుకుంటివే? పెంచలా! రండి మీరు గూడా."

"యాడికి పోతుండారు?" అని చెంచురామయ్య గొడుగు ఊపాడు. "నా మడి సగంలో ఉండాది!"

"నీ మడి యాడికీ పోదులే మామా."

ఒకరి వెనక ఒకరు గట్టు దాటారు. అందరూ కాదు. నలుగురైదుగురు అవతలే ఉండిపోయి, మొహాలు తిప్పుకుని నిలబడ్డారు. వచ్చినవాళ్ళు కూడా మస్తానయ్య కూర్చున్న వైపు కాక రెండో వైపు నుంచి దిగారు. శేషమ్మ అదంతా చూసింది. చూసి మళ్ళీ వంగింది.

"కట్ట ఇటెయ్యి అబ్బయా," అంది రాఘవమ్మ మరిదితో.

మస్తానయ్య విసిరాడు. కట్ట ఆమె చేతి దాకా రాలేదు, బురదలో పడింది. ఆమె కాసేపు దాని వైపు చూసి, వంగి రెండు వేళ్ళతో కొసలు పట్టుకుని తీసింది. గడ్డిపోచ ముడి లాగింది. రాలేదు. గోరుతో గిల్లింది. బురద జారి గోరు పట్టలేదు. "ఎంత బిగించినాడమ్మా, ఎద్దును కట్టేసినట్టు," అని విసుక్కుని, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నట్టే కట్టను నోటి దగ్గరికి తెచ్చి, ముడి పళ్ళతో కొరికి లాగింది. ముడి ఊడింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆ ముడి మరిది పళ్ళతో బిగించినదని. గడ్డిపోచ పెదవుల మధ్య ఉండగానే అలాగే నిలబడిపోయింది. వరసంతా చూస్తోంది. గట్టు మీద మస్తానయ్య, తన నోటి దగ్గర ఉన్న రెండో కట్టను మెల్లగా కిందికి దించాడు.

రాఘవమ్మ గడ్డిపోచ ఉమ్మేసింది. మణికట్టుతో మూతి తుడుచుకుంటే ఇంత బురద అంటింది.

"ఏంది చూస్తుండారు? వంగండి!" అని కసిరింది అందరినీ. తర్వాత కుడి కొస నుంచి రెండడుగులు ఎడంగా జరిగి, నారు చేత్తో పంచుకుంటూ, తల ఎత్తకుండా అంది: "శేషా, ఎత్తు మే పాట. పొద్దెక్కుతుండాది."

శేషమ్మ నడిచి వెళ్ళి కుడి కొసన నిలబడింది. నారు చేతిలోకి తీసుకుని నోరు తెరిచింది. వరస వంగి, చేతుల్లో నారుతో, కాచుకుని ఉంది.